ముజిబుర్ రెహ్మాన్ సంతాప దినం రద్దు సమంజసమేనా?

చర్చాంశం: బంగ్లాదేశ్ స్థాపక నాయకుడు షేక్ ముజిబుర్ రెహ్మాన్ 1975 ఆగస్టు 15 తెల్లవారుజామున ఢాకాలోని తన ఇంట్లోనే కుటుంబ సభ్యులతో సహా సైనికాధికారుల చేతిలో హతులయ్యారు. మనం జెండా ఎగరేసే రోజే అక్కడ జాతీయ సంతాప దినంగా, సెలవు దినంగా ఉండేది. 2024 ఆగస్టులో, ముజిబ్ కుమార్తె షేక్ హసీనా ప్రభుత్వం కూలిపోయాక ఏర్పడిన తాత్కాలిక ప్రభుత్వం ఆ సెలవును రద్దు చేసింది. ఇది న్యాయమేనా?

మొదటి స్పందన: న్యాయమే అని నా అభిప్రాయం. 1974 కరవులో జనం ఆకలితో రాలిపోయారు. 1975 జనవరిలో ముజిబ్ రాజ్యాంగాన్ని సవరించి ఏకపార్టీ పాలనకు దారి వేశారు. జూన్ నాటికి నాలుగు దినపత్రికలు తప్ప మిగిలినవన్నీ మూతపడ్డాయి. ఆయన కుమార్తె షేక్ హసీనా పాలన చివరి వారాల అణచివేతలో 1,400 మంది వరకు మరణించి ఉండవచ్చని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం అంచనా వేసింది. బిడ్డల అంత్యక్రియలు ముగించి పట్టుమని పది రోజులైనా కాని తల్లిదండ్రులను, ఆమె తండ్రి కోసం సంతాపం పాటించమని ఏ ప్రభుత్వం అడగగలదు?

రెండవ స్పందన: పై మిత్రులు చెప్పిన వాస్తవాల్లో ఒక్కదానినీ నేను కాదనను. ఆ తల్లిదండ్రుల బాధ ముందు నా వాదన చిన్నదే. అయినా, సంతాప దినం పాలనకు ఇచ్చే యోగ్యతా పత్రం కాదు కదా! ఆ తెల్లవారుజామున ప్రాణాలు కోల్పోయినవారిలో ముజిబ్ చిన్న కుమారుడు రస్సెల్‌ కూడా ఉన్నాడు. వాడికి అప్పటికి పదేళ్లు. హంతకులపై విచారణే జరగకుండా అదే ఏడాది సెప్టెంబరులో ఆర్డినెన్సు తెచ్చారు. 1996లో ఆ రక్షణను తొలగించేదాకా, అంటే ఇరవై ఒక్క ఏళ్లపాటు, ఆ హత్యలకు న్యాయస్థానంలో జవాబు చెప్పవలసిన అవసరం ఎవరికీ కలగలేదు. ఢాకాలోని ధన్‌మండి ప్రాంతంలో 32వ నంబరు వీధిలో ఉన్న ముజిబ్ ఇంటిని మ్యూజియంగా మార్చినప్పుడు గోడల్లోని తూటా రంధ్రాలను పూడ్చకుండా, ఆయన నేలకొరిగిన మెట్లను తీసివేయకుండా ఉంచింది అందుకే. ఆ ఇంటిని 2024 ఆగస్టు 5న తగలబెట్టారు, 2025 ఫిబ్రవరిలో యంత్రాలతో నేలమట్టం చేశారు.

తప్పు ముజిబ్, హసీనాల పార్టీ అయిన అవామీ లీగ్‌ది కూడా అని నేను ఒప్పుకుంటాను. 1996లో తాము ప్రకటించిన దినాన్ని ఆ పార్టీ క్రమంగా సొంత ఆస్తిలా చూసుకుంది. ప్రత్యర్థుల ప్రభుత్వం 2002లో తీసేసింది, 2008లో హైకోర్టు తిరిగి ఇప్పించింది, 2024లో మళ్లీ పోయింది. దేశాన్ని నిలబెట్టిన మనిషి వర్ధంతి ఎన్నికల ఫలితాలతో, తిరుగుబాట్లతో పాటు వస్తూ పోతూ ఉండడం నాకు నిజంగా బాధ కలిగిస్తోంది.

మూడవ స్పందన: సెలవు తీసేసినంత మాత్రాన ఎవరి దుఃఖానికీ అడ్డు చెప్పినట్లు కాదు. కావలసినవారు స్వచ్ఛందంగా పాటించుకోవచ్చు.

రెండవ స్పందన రాసినవారి జవాబు: పాటించుకోనిస్తే నాకూ అభ్యంతరం ఉండేది కాదు. కానీ 2024 ఆగస్టు 15న నివాళి అర్పించడానికి ధన్‌మండికి బయలుదేరినవారిని కర్రలు పట్టుకున్న గుంపులు దారిలోనే ఆపాయి, కొందరిని కొట్టాయి కూడా. సెలవు లేకపోయినా ఫరవాలేదు. కార్యాలయాల్లో చిత్రపటాలు, బలవంతపు ఉపన్యాసాలు అసలే వద్దు. 1974 కరవునూ, మూతపడిన పత్రికలనూ పాఠ్యపుస్తకంలో దాచకుండా రాయాలి. అదే పుటలో రస్సెల్ పేరు కూడా ఉండాలి. ఆగస్టు 15న ఆ వీధికి పూలు తీసుకుని వచ్చేవారికి, వారు ఏ పార్టీవారని అడగకుండా, పోలీసులు దారి ఇవ్వాలి.