సమస్యాపూరణం: ప్రొద్దు లేని నాఁడె పొడిచె వెలుగు

నిర్వాహకుడు: ఈ వారం ఆటవెలదికి నాలుగో పాదం ఇస్తున్నాను.

*ప్రొద్దు లేని నాఁడె పొడిచె వెలుగు*

సూర్యుడు లేకుండా వెలుగేమిటన్నదే చిక్కు. విప్పే దారి బైబిలు ఆదికాండం మొదటి అధ్యాయంలోని సృష్టికథలో ఉంది. దిగులులో ఉన్నవాడికి ఆ కథ ఏమిస్తుందో కూడా పలికితే మరీ సంతోషం. అరసున్నలు వదిలేసినా ఊరుకుంటాను, యతి తప్పితే ఊరుకోను.

మొదటి పూరణ:

నీటి మీఁద నిరులు నిండిన వేళలో
వెలుగు కలుగు మనుచు విభుఁడు పలుక
నాల్గు నాళ్ళ ముందె నాథుని మాటతో
ప్రొద్దు లేని నాఁడె పొడిచె వెలుగు.

నిర్వాహకుడు: నడక హాయిగా ఉంది. కానీ వెలుగు మొదటి రోజున, సూర్యచంద్రాది జ్యోతులు నాలుగో రోజున కలిగాయి. తేడా మూడే. పైగా ‘పలుక’ అన్నాక ‘మాటతో’ దండగ. మూడో పాదం ‘భానుఁ డింకఁ బుట్టఁ బగలు మూఁడుండఁగ’ అంటే రెండూ సర్దుకుంటాయి. ఇంకొకటి. మూలంలో దేవుని ఆత్మ జలములపైన ‘అల్లాడుచుండెను’ అని ఉంది. ద్వితీయోపదేశకాండం 32వ అధ్యాయంలో పక్షిరాజు తన పిల్లలపైన అల్లాడే చోట హెబ్రీలో ఇదే క్రియ. మీ పద్యంలో నీరుంది, ఇరులున్నాయి, ఆ రెక్కలే లేవు.

మొదటి పూరణకర్త: సవరణకు కృతజ్ఞతలు. జీవితమంతా లెక్కలు చెప్పి, మూడుకూ నాలుగుకూ తేడా మరిచాను! రెక్కల కోసం మళ్ళీ ప్రయత్నిస్తాను.

రెండవ పూరణ: గురువుగారికి నమస్కారం. నిద్రపట్టని రోజుల్లో రాసుకున్నది.

అస్తమయము ముందు, ఆపైన నుదయమ్ము
లెక్క యిదియె తొలుత లిఖిత మయ్యె;
చీఁకటింట నలఁగు జీవుఁడా! భయమేల?
ప్రొద్దు లేని నాఁడె పొడిచె వెలుగు.

నిర్వాహకుడు: అమ్మా, ‘ముందు, ఆపైన’ విసంధి, సంధి కలపాల్సిన చోట విడిచారు. ‘ముందఁ టాపైన’ అనండి, యతి చెడదు. భావం మాత్రం నాకు తట్టనిది. ‘అస్తమయమును ఉదయమును కలుగగా ఒక దినమాయెను’ అన్న వాక్యం ఎన్నిసార్లు చదివానో! రోజు చీకటితో మొదలై వెలుగులోకి నడుస్తుందన్న వరుసను గమనించనేలేదు. యూదుల విశ్రాంతిదినం నేటికీ శుక్రవారం సూర్యాస్తమయంతోనే మొదలవుతుంది.

ఒక సభ్యుడు: ‘భయమేల’ అరిగిపోయిన మాట కదా. ‘జీవుఁడా! యోర్చుకో’ అంటే గణాలూ సరిపోతాయి.

రెండవ పూరణకర్త: ఓర్చుకోమని నాకు చాలామంది చెప్పారండీ. భయమెందుకని అడిగినవారు లేరు. ఆ మాట ఉంచుకుంటాను. విసంధి దిద్దుకుంటాను.

మూడవ పూరణ:

పరుల చెఱను జిక్కి బబులోను నగరాన
సూర్యు దేవుఁ డనెడి చోటఁ గుమిలి
వినిన వారి మదికి వేయి దీపములయ్యె:
“ప్రొద్దు లేని నాఁడె పొడిచె వెలుగు.”

నిర్వాహకుడు: సూ–చో యతి చక్కగా కుదిరింది. చివర ‘అని’ లోపించినా సమస్యను వారు విన్న మాటగా మార్చడం సొగసు. యూదులు బబులోనులో బందీలుగా ఉన్న క్రీ.పూ. 6వ శతాబ్దపు చెర కాలంలోనే ఈ అధ్యాయం ఇప్పటి రూపానికి వచ్చిందని చాలామంది పండితుల అభిప్రాయం. బబులోనులో సూర్యదేవుడి పేరు షమష్, హెబ్రీలో సూర్యుడికి మాట షెమెష్. ఆ మాట ఈ అధ్యాయంలో ఎక్కడా రాదు. ‘పెద్ద జ్యోతి’ అని ఊరుకుంటుంది. గెలిచినవాడి దేవుణ్ణి పేరు పెట్టి పిలవకుండా దీపం చేసి, నాలుగో రోజుకు నెట్టేశారు! ఓడినవారి పౌరుషం చూడండి.

(ఇంకొకరు చంద్రుణ్ణి తెచ్చారు. అది సూర్యుడి వెలుగే కదా. సమస్య తీరలేదు.)

రెండవ పూరణకర్త: గురువుగారూ, ఒక సందేహం. ఆరు రోజులకూ అస్తమయము, ఉదయము అని ముగింపు ఉంది. ఏడవ దినానికి లేదు. రాసినవారు మరిచారా?

నిర్వాహకుడు: మరిచారని అనుకోనమ్మా. వచ్చే వారానికి ఏమివ్వాలా అని చూస్తున్నాను, మీరే ఇచ్చారు.

*అస్తమయము లేని దాయె దినము*