కాపాడుకున్న పాత డీజిల్ రైలింజన్ మీద ఏ నంబరు ఉండాలి: డి9000 అని రాయాలా, 55022 అని రాయాలా?

పచ్చరంగు_మూర్తి:
బ్రిటన్‌లో డెల్టిక్ డీజిల్ ఇంజన్లు 22 కడితే మిగిలినవి ఆరు. వాటిలో రాయల్ స్కాట్స్ గ్రే 1961లో డి9000 నంబరుతో పట్టాలెక్కింది. 1973-74లో టాప్స్ అనే రైల్వే కంప్యూటర్ వ్యవస్థ కోసం ఇంజన్లకు కొత్త నంబర్లు వేసినప్పుడు అది 55022 అయింది. కంప్యూటర్ సౌకర్యానికి అంటించిన అంకెను ఇప్పటికీ మోయించడం ఎందుకు? పుట్టినప్పటి నంబరే ఉండాలని నా అభిప్రాయం.

నీలం_శేఖర్:
మూర్తిగారూ, డి9000 ఎన్నేళ్లు ఉందో లెక్క వేశారా? 1968లో స్టీమ్ ఇంజన్లు అయిపోగానే, డీజిల్ అని తెలిపే ముందున్న డి అక్షరం తీసేయడం మొదలుపెట్టారు. మీరంటున్న నంబరు పూర్తిగా ఉన్నది ఏడేళ్లు. 55022 మాత్రం 1982 జనవరిలో సర్వీసు ముగిసేదాకా ఉంది.

పచ్చరంగు_మూర్తి:
అక్షరం పోతే నంబరు మారినట్టా? 9000 అలాగే ఉంది కదా, అప్పుడు 13 ఏళ్లు. వెస్టర్న్ అనే ఇంకో రకం డీజిల్ ఇంజన్లకు నంబరు లోహంలో పోత పోసింది కాబట్టి 1977లో అన్నీ విత్‌డ్రా అయ్యేదాకా పాత నంబరు మారలేదు. మరి వాటి సంగతేంటి?

ట్రాక్‌సైడ్_లత:
55022లో చివర 22 ఎందుకు? మొదటి ఇంజన్ కదా, 55000 అవ్వాలి.

నీలం_శేఖర్:
లతగారూ, టాప్స్‌లో 000 ఉండదు. డి9001 నుంచి డి9021 వరకు 55001 నుంచి 55021 అయ్యాయి, మొదటిది చివరికి పోయింది. క్లాస్ 40 అనే ఇంకో డీజిల్ రకంలో మొదటిదైన డి200కి 40122 ఇచ్చారు, ఎందుకంటే డి322 అంతకుముందే ప్రమాదంలో పోయి ఆ స్థానం ఖాళీగా ఉంది.

పచ్చరంగు_మూర్తి:
నేను చెప్పేదీ అదే! చచ్చిపోయిన ఇంకో ఇంజన్ ఖాళీలో దీన్ని కూర్చోబెట్టారు. 1983లో రైల్వేవాళ్లే 40122కి మళ్లీ పచ్చరంగు వేసి డి200 అని రాశారు, ఇప్పుడది జాతీయ మ్యూజియం సేకరణలో ఉంది. బ్రిటిష్ రైల్ ఒప్పుకున్నది మీరు ఒప్పుకోరా?

కాజీపేట_కిరణ్:
అన్నలూ, డెల్టిక్‌ లోపల ఉండే నేపియర్ కంపెనీ డీజిల్ మోటార్లనే ఒక లోకో నుంచి ఇంకోదానికి మార్చి మార్చి వాడేవాళ్లు. మరి నంబరు దేనిది, డబ్బాదా?

నీలం_శేఖర్:
కిరణ్ అన్నది పట్టించుకోండి. ఇంకో మాట. ఇక్కడ పాత ఇంజన్లను అభిమానులే నడిపే ఒక హెరిటేజ్ లైన్‌లో శనాదివారాలు తుప్పు గీకిన వాళ్లలో నేనొకణ్ణి. మేం కొన్న ఇంజన్‌ను మేం చూసిన, తర్వాతి రోజుల నీలం రంగులో, టాప్స్ నంబరుతో పెడదామంటే, కమిటీలో ఒక్కరోజు కూడా ఒంటికి గ్రీజు అంటని పెద్దలు "చారిత్రకం కాదు" అని తొలినాటి పచ్చరంగు వేయించారు. ఓటు కూడా అడగలేదు. మీ మాటల్లో నాకు వాళ్లే వినిపిస్తున్నారు.

పచ్చరంగు_మూర్తి:
మీ కమిటీ చేసిన తప్పు నా మీద ఎందుకు రుద్దుతారు? నా బాధ వేరు. 1947లో డెర్బీలో కట్టిన 10000, బ్రిటన్ మొదటి మెయిన్‌లైన్ డీజిల్, 1968లో తుక్కుకి పోయింది. బేబీ డెల్టిక్‌లు అనే చిన్న రకం పది కడితే ఒక్కటీ లేదు. అప్పట్లో జనమంతా స్టీమ్ వెంటే ఉన్నారు, ఇవి పుట్టిన కాలం గురించి ఎవరూ ఆలోచించలేదు. ఆ తొలి రోజులకు మిగిలిన సాక్ష్యమే ఈ నంబర్లు.

నీలం_శేఖర్:
పదేళ్ల కుర్రాడిగా ప్లాట్‌ఫాం మీద నిలబడి చూసిన ప్రతి ఇంజన్ నంబరు కింద పుస్తకంలో గీత గీసినవాళ్లకు 55022 సాక్ష్యం కాదా? 10000ని ఎవరూ కాపాడలేదు, నిజమే. డెల్టిక్‌లను కాపాడింది ఎవరు? నీలం రంగులో చూసి ప్రేమించినవాళ్లే జేబులో డబ్బు తీశారు. పచ్చగా చూసినవాళ్లు అప్పుడు స్టీమ్ ఫొటోలు తీసుకుంటున్నారు.

పచ్చరంగు_మూర్తి:
అంటే డబ్బు పెట్టినవాళ్ల జ్ఞాపకమే చరిత్రా?

నీలం_శేఖర్:
డబ్బుతో పాటు పని కూడా చేసినవాళ్లది, అవును. వాళ్లను అడగకుండా రంగు మార్చకూడదు, మీరు చెప్పిన నంబరే సరైనదైనా సరే.

ట్రాక్‌సైడ్_లత:
శేఖర్‌గారూ, ఆ చివరి వాక్యం మొదటే అని ఉంటే నేను మీ వైపు ఉండేదాన్ని. నంబరు విషయంలో మాత్రం మూర్తిగారితోనే ఉన్నాను.