టోక్యోకి మొదటిసారి, అమ్మానాన్నతో ఐదు రాత్రులు: ఎక్కడ బోల్తా పడతాం?

కొత్తప్రయాణం

ఏప్రిల్ రెండో వారంలో నేను, అమ్మ, నాన్న టోక్యో వెళ్తున్నాం. ఐదు రాత్రులు, హోటల్ అసాకుసాలో. విమానం రాత్రి ఏడున్నరకి నరిటా ఎయిర్‌పోర్టులో దిగుతుంది. ఇద్దరికీ అరవై అయిదు దాటాయి. మెట్లు ఎక్కగలరు గానీ పెట్టెలు మోస్తూ కాదు. నాన్నకి బీపీ, షుగర్ మాత్రలు ఉన్నాయి. అమ్మ గుడ్డు కూడా ముట్టదు.

ఏం చూడాలో చెప్పే జాబితాలు బోలెడు దొరికాయి, అవి వద్దు. దిగిన దగ్గర్నుంచి హోటల్ చేరేదాకా ఎలా వెళ్ళాలి, చేతిలో ఎంత నగదు ఉంచుకోవాలి, అమ్మకి తిండి సంగతేంటి, ఇవి చెప్పండి చాలు.

పట్టాలపిచ్చి

హోటల్ అసాకుసాలో అన్నారు కాబట్టి సగం పని తేలికైంది. నరిటా నుంచి బండి మారకుండా నేరుగా వెళ్ళొచ్చు. ఎయిర్‌పోర్టు కిందనే కేసేయ్ కంపెనీ స్టేషన్ ఉంటుంది. అక్కడ 'యాక్సెస్ ఎక్స్‌ప్రెస్' ఎక్కండి. బోర్డు మీద ఆ పేరు నారింజ రంగులో కనిపిస్తుంది. రిజర్వేషన్ అక్కర్లేదు, అదనపు టికెట్ అక్కర్లేదు, గంటో కాస్త ఎక్కువో పడుతుంది.

కొత్తవాళ్ళు తికమకపడేది ఇక్కడే. ఈ బండ్లలో చాలావాటికి గమ్యం 'హనేడా ఎయిర్‌పోర్ట్' అని ఉంటుంది. ఇప్పుడే ఒక ఎయిర్‌పోర్టులో దిగాం, మళ్ళీ ఇంకో ఎయిర్‌పోర్టుకా అని దాన్ని వదిలేసి, పక్కన ఉయేనో వెళ్ళే బండి ఎక్కేస్తారు. మీరు ఎక్కాల్సింది హనేడా బండే. అది కేసేయ్ పట్టాల మీద బయల్దేరి, మధ్యలో తోయేయ్ అసాకుసా లైనుగా మారి, చివరికి కేక్యూ పట్టాల మీద హనేడా చేరుతుంది. కంపెనీలు మూడు, బండి ఒకటే. అందుకే ఆ ఊళ్ళో రైలు రంగు చూసి లైను గుర్తుపట్టాలనుకోకండి, బోర్డు చదవండి.

ఇవి గంటకి ఒకటో రెండో ఉంటాయి. ఇమిగ్రేషన్, పెట్టెలు, కస్టమ్స్ అయ్యేసరికి తొమ్మిదవుతుందనుకోండి. యాక్సెస్ ఎక్స్‌ప్రెస్‌కి మరీ ఆలస్యముంటే కేసేయ్ వాళ్ళదే వేగపు బండి, స్కైలైనర్ ఎక్కండి. దానికి మాత్రం మామూలు చార్జీ కాక విడిగా సీటు టికెట్ కొనాలి. ముప్పావు గంటలో కేసేయ్ ఉయేనో స్టేషన్ చేరుతుంది. అక్కణ్ణుంచి అసాకుసాకి టాక్సీలో వెళ్ళిపోవచ్చు, దగ్గరే. నరిటా నుంచే టాక్సీ మాత్రం వద్దు. టోక్యో నడిబొడ్డు అరవై కిలోమీటర్ల పైమాటే, 20,000 యెన్ దాటుతుంది, రాత్రి పది నుంచి ఉదయం అయిదు దాకా 20 శాతం అదనం.

ఇంకొకటి. అసాకుసా పేరుతో స్టేషన్లు నాలుగున్నాయి. తోయేయ్ వాళ్ళది ఏ-18 (బోర్డు మీద A18), మెట్రో గింజా లైనుది జీ-19, ఇంకోటి తోబు కంపెనీది, నాలుగోది సుకుబా ఎక్స్‌ప్రెస్ వాళ్ళది. మొదటి మూడూ దగ్గర దగ్గరే. నాలుగోది మాత్రం అర కిలోమీటరు పైనే దూరం. హోటల్ వాళ్ళు 'స్టేషన్ నుంచి రెండు నిమిషాలు' అని రాస్తే, ఏ స్టేషన్ నుంచో, ఏ ఎగ్జిట్ నుంచో అడిగి రాసుకోండి. పెట్టెలున్నాయి కాబట్టి లిఫ్ట్ ఉన్న ఎగ్జిట్ ఏదో కూడా అడగండి. పాత స్టేషన్లలో ఒకటి రెండు ఎగ్జిట్లకే లిఫ్ట్ ఉంటుంది, మిగతావన్నీ మెట్లే. తప్పు ఎగ్జిట్‌లో పైకొస్తే పెద్ద రోడ్డుకి అవతలి పక్కన తేలతారు.

చిల్లరకొట్టు

డబ్బు సంగతి నేను చెప్తా. ముగ్గురికీ మూడు రైలు కార్డులు కావాలి, అంటే ముందే డబ్బు వేసుకుని గేటు దగ్గర ఆనించేవి. ఒకే కార్డుతో ఇద్దరు వెళ్ళడం కుదరదు, గేటు దగ్గర ఎక్కిన మనిషే దిగినట్టు లెక్క ఉంటుంది. నరిటాలో 'వెల్‌కమ్ సుయికా' అనే కార్డు దొరుకుతుంది. డిపాజిట్ లేదు, 28 రోజులే చెల్లుతుంది, మిగిలిన డబ్బు వెనక్కి రాదు. మామూలు సుయికా, పాస్మో కార్డులైతే 500 యెన్ డిపాజిట్ ఉంటుంది. వాడటంలో తేడా ఏమీ లేదు.

కార్డులో డబ్బు వేయడానికి మెషిన్లు ఎక్కువగా నోట్లే అడుగుతాయి. క్రెడిట్ కార్డు పట్టుకుని వాటి ముందు నిలబడి లాభం లేదు. కాబట్టి రైలు స్టేషన్‌కి దిగకముందే ఎయిర్‌పోర్టులో సెవెన్ బ్యాంక్ ఏటీఎం దగ్గర 30,000 యెన్ తీసుకోండి. మీ బ్యాంకు యాప్‌లో విదేశీ వాడకం ఇంటి దగ్గరే ఆన్ చేసుకోండి. ఏ మెషిన్ అయినా 'మీ దేశం కరెన్సీలో కడతారా' అని అడిగితే వద్దని, యెన్‌లోనే అనండి. లేకపోతే మారకం రేటు వాళ్ళిష్టం.

పదివేల నోటు వస్తే మొదటి షాపులోనే విడగొట్టేయండి. చిన్న భోజన హోటళ్ళలో గుమ్మం దగ్గర టికెట్ మెషిన్ ఉంటుంది, డబ్బు వేసి బటన్ నొక్కితే చీటీ వస్తుంది. పాత మెషిన్లు వెయ్యి నోటు తప్ప తీసుకోవు. 2024 జులైలో కొత్త నోట్లు వచ్చాయి, వాటిని కూడా కొన్ని మెషిన్లు తిప్పి బయటికి తోసేస్తాయి. నోటు చెడ్డది కాదు, మెషిన్ పాతది. పక్క షాపులో మార్చుకోండి.

నాణేలకి ఒక చిన్న సంచి ఉంచుకోండి. మధ్యలో చిల్లు, పసుపు రంగు ఉన్నది 5 యెన్. దాని మీద అంకె ఉండదు, జపనీస్ అక్షరాలే. తెల్లటి చిల్లు నాణెం 50. ఈ రెండూ తెలిస్తే మిగతావి అంకెలు చదువుకోవచ్చు.

దిగేటప్పుడు కార్డులో డబ్బు చాలకపోతే గేటు రెక్కలు మూసుకుంటాయి. కంగారేం లేదు. గేటు లోపలే ఒక సర్దుబాటు మెషిన్ ఉంటుంది, కార్డు పెట్టి తక్కువైంది వేస్తే సరి.

కొత్తప్రయాణం

చాలా ఉపయోగం. రెండు సందేహాలు. 72 గంటల సబ్‌వే పాస్ తీసుకోమంటున్నారు, జేఆర్ (జపాన్ రైల్వేస్) పాస్ కూడా తీసుకోమంటున్నారు. రెండూ కావాలా? ఇక మాత్రల సంగతి?

పట్టాలపిచ్చి

జేఆర్ పాస్ వద్దే వద్దు. అది దేశమంతా తిరిగేవాళ్ళకి. 2023 అక్టోబరులో ఏడు రోజుల పాస్ 29,650 నుంచి 50,000 యెన్‌కి పెరిగింది. టోక్యో లోపలే తిరిగే మీకు అది నీళ్ళలో పోసినట్టే.

సబ్‌వే పాస్ మాత్రం మీకు పనికొస్తుంది. మెట్రో 9 లైన్లు, తోయేయ్ 4 లైన్లు, మొత్తం 13 మీద చెల్లుతుంది. అసాకుసాలో ఆ రెండు కంపెనీలూ ఉన్నాయి. జేఆర్ బళ్ళలో, అంటే ఊరి చుట్టూ తిరిగే యామనోటే లైనులో, చెల్లదు. ఎయిర్‌పోర్టు ప్రయాణానికి దీని మీద ఆధారపడకండి. గంటల లెక్క మొదటిసారి గేటు దాటినప్పుడు మొదలవుతుంది. మంగళవారం పదకొండుకి మొదలుపెడితే శుక్రవారం పదకొండు దాకా. దిగిన రాత్రే మొదలుపెట్టి ఒక పూట పోగొట్టుకోకండి.

గింజా లైను మీకు వెన్నెముక. అసాకుసా జీ-19, ఉయేనో జీ-16, గింజా జీ-09, ఆ చివర షిబుయా జీ-01. పేర్లు నోరు తిరగకపోయినా అంకె తగ్గుతోందా పెరుగుతోందా చూస్తే చాలు, దారి తప్పరు. పెద్దవాళ్ళకి ఈ అంకెలు చీటీ మీద రాసివ్వండి. ఉదయం ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా మాత్రం బయల్దేరకండి. రాత్రి పన్నెండు దాటాక రైళ్ళు ఒక్కొక్కటే ఆగిపోతాయి, మళ్ళీ అయిదు ప్రాంతంలోనే.

మందులచీటీ

నాన్నగారి మాత్రలు ఒక నెలకి సరిపడా వరకు ప్రత్యేక అనుమతి లేకుండా తీసుకెళ్ళొచ్చు. ఇన్సులిన్ సూదులూ అంతే. అసలు స్ట్రిప్పుల్లోనే, డాక్టరు చీటీతో, చేతి సంచిలో పెట్టుకోండి. డబ్బాల్లోకి వొంపుకుంటే అది ఏం మందో కస్టమ్స్ వాళ్ళకి తెలియదు.

చిక్కు బీపీ మాత్రలతో కాదు, జలుబు మందులతో. సూడోఎఫిడ్రిన్ 10 శాతం దాటి ఉన్నవి ముందస్తు అనుమతి లేకుండా జపాన్‌కి తీసుకెళ్ళకూడదు, డాక్టరు చీటీ ఉన్నా సరే. కోడీన్ ఉన్న దగ్గు మందుల మీదా ఆంక్షలున్నాయి. అట్ట వెనక పేరు చదివి, ఈ రెండూ లేనివే సర్దండి.

తిండి సామాను విషయంలో కూడా ఇంతే కచ్చితం. మాంసం పచ్చళ్ళు, మాంసం ఉన్న ఏ చిరుతిండీ వద్దు. పచ్చి కరివేపాకు, పళ్ళు, కూరగాయలు కూడా వద్దు. పొడులు పరవాలేదు.

దాషివద్దు

అమ్మగారి తిండి గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. అక్కడ కష్టం మాంసం ముక్కతో కాదు, కనబడని చేపతో. 'దాషి' అనే చారునీళ్ళు ఎండబెట్టిన కత్సుఓ చేప తురుముతో కాస్తారు. ఉడోన్, సోబా అనే నూడుల్స్ పులుసులోనూ, మిసో (సోయా ముద్ద) సూప్‌లోనూ, ఉడికించిన కూరల్లోనూ, టెంపురా అనే బజ్జీలు ముంచుకునే నీళ్ళలోనూ అదే. 'వెజిటబుల్ ఉడోన్' అంటే పైన కూరగాయలు వేశారని అర్థం, కింద చేపనీళ్ళే.

ప్యాకెట్ల మీద ఉండే అలర్జీ పట్టికని నమ్ముకోకండి. గుడ్డు, పాలు, రొయ్య అందులో కనిపిస్తాయి, కానీ కత్సుఓ ఆ పట్టికలో లేదు. పట్టిక ఖాళీగా ఉంటే శాకాహారం అనుకోవడం పెద్ద పొరపాటు. ఫోన్ కెమెరాతో పదార్థాల వరుస మొత్తం చదివించండి. కత్సుఓ, దాషి, 'ఎక్స్‌ట్రాక్ట్' అనే మాటలు వెతకండి.

'మాంసం, చేప, గుడ్డు, చేప దాషి ఏవీ తినరు' అని జపనీస్‌లో ఒక కాగితం అచ్చు వేయించి పెట్టుకోండి. నోటితో 'వెజిటేరియన్' అంటే తలూపి, చేప పులుసే తెస్తారు. అది మోసం కాదు, వాళ్ళ లెక్కలో దాషి అంటే ఉప్పులాంటిది.

చిల్లరకొట్టు

వీసా గురించి ఎవరూ అనలేదు. ఈ-వీసా అయితే ఎయిర్‌పోర్టులో ఫోన్ తెర మీద ఇంటర్నెట్‌తో తెరిచి చూపించాలి. స్క్రీన్‌షాట్, పీడీఎఫ్, ప్రింటు ఏదీ ఒప్పుకోరు. కాబట్టి ఈ-సిమ్ ముందే పెట్టుకోండి, ముగ్గురి వీసాలూ ఒకే ఫోన్‌లో ఉంటే దాని చార్జింగ్ చూసుకోండి. పాస్‌పోర్టు ఎప్పుడూ జేబులో ఉండాలి, అక్కడ అది చట్టం.

అంతస్తుల లెక్క కూడా వేరు. వాళ్ళ ఒకటో అంతస్తు అంటే మన గ్రౌండ్ ఫ్లోరే. మూడో అంతస్తులో హోటల్ అంటే మన లెక్కలో రెండోది.

కొత్తప్రయాణం

అయితే అమ్మ చిన్న ఎలక్ట్రిక్ కుక్కర్ పెట్టెలో పెట్టేస్తానంటోంది. సరేనా?

దాషివద్దు

వద్దండి. అక్కడ కరెంటు 100 వోల్టులు. 230 వోల్టులకి చేసిన కుక్కర్ అక్కడ ఐదో వంతు వేడి కూడా ఇవ్వదు, బియ్యం నానుతాయంతే. పైగా గదిలో వంటకి చాలా హోటళ్ళు ఒప్పుకోవు. ఫోన్, ల్యాప్‌టాప్ చార్జర్ల మీద 100-240 అని ఉంటే వాటికి ఇబ్బంది లేదు, రెండు చదును పిన్నుల అడాప్టర్ ఉంటే చాలు.

దానికి బదులు కన్వీనియెన్స్ స్టోర్‌లో వండిన తెల్లన్నం ప్యాకెట్లు దొరుకుతాయి, ఒక్కోటి 200 గ్రాముల దాకా. పై అట్ట గీత దాకా తెరిచి మైక్రోవేవ్‌లో రెండు నిమిషాలు పెడితే వేడన్నం. హోటల్‌లో మైక్రోవేవ్ ఉందో లేదో బుకింగ్ వాళ్ళని అడగండి. కందిపొడి, నెయ్యి, మామిడికాయ పచ్చడి ఇంటి నుంచే తెచ్చుకోండి. నూనె కారకుండా పచ్చడి సీసాకి రెండు కవర్లు చుట్టి, చెక్-ఇన్ పెట్టెలోనే పెట్టండి. చేతి సంచిలో అయితే సెక్యూరిటీ దగ్గరే పోతుంది.