పదేళ్లు నడిచే ఇంటి ప్రింటర్ ఏది? లేజరా, ఇంక్ ట్యాంకా? (విజయవాడ)

పటమట_నాన్న
ఇంటికి ప్రింటర్ తీసుకోవాలి, మీ అనుభవాలు చెప్పండి. బాబు ఇంటర్, వాళ్ల కాలేజీవాళ్లు మెటీరియల్ అంతా పీడీఎఫ్‌లుగా వాట్సాప్ గ్రూపులో పడేస్తారు. పాప ఎనిమిదో తరగతి, ప్రాజెక్టులంటూ అప్పుడప్పుడూ కలర్ కావాలంటుంది. ప్రతిసారీ బెంజ్ సర్కిల్ దాకా పోయి జిరాక్స్ షాపులో నిలబడలేక విసుగొచ్చేసింది. ఇంతకుముందు కాట్రిడ్జ్ ఇంక్‌జెట్ ఒకటి ఉండేది, వేసవి సెలవులకి ఊరెళ్లి వచ్చేసరికి ఇంకు గడ్డకట్టేసింది, కొత్త కాట్రిడ్జ్‌లు రెండూ కొంటే దాదాపు ప్రింటర్ ధరే అయింది. ఈసారి కొంటే మళ్లీ ఆ షాపు గుమ్మం ఎక్కకూడదు. బడ్జెట్ 15 వేలు.

బ్రాడీపేట_లెక్కలమాస్టారు
కళ్లు మూసుకుని నలుపు లేజర్ తీసుకోండి. ట్యూషన్ పిల్లలకి ప్రశ్నపత్రాలు తీయడానికి నేను కొన్న హెచ్‌పీ 1020 ప్లస్ ఇంకా నడుస్తోంది. కొన్నప్పుడు మొదటి తరగతిలో ఉన్న మా అమ్మాయి ఇప్పుడు బీటెక్ అయిపోయి ఉద్యోగం చేస్తోంది. దానికి పడే 12ఏ కాట్రిడ్జ్‌ని గుంటూరులో రీఫిల్ చేయని షాపు ఉండదు. మధ్యలో పేపర్ లాగే రోలర్, అచ్చుని వేడితో కాగితానికి అంటించే ఫ్యూజర్ స్లీవ్ మార్పించాను, అంతే. సెలవులకి నెలరోజులు ముట్టుకోకపోయినా మొదటి పేజీ నల్లగా నిగనిగలాడుతూ వస్తుంది, ఎందుకంటే లేజర్‌లో ఇంకు బదులు ఉండే టోనర్ పొడి రూపంలో ఉంటుంది, ఎండిపోవడానికి అందులో తడే లేదు. ఒక్క ఇబ్బంది ఏంటంటే ఈ పాత మోడల్‌కి సొంత బుర్ర ఉండదు, ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటరే దానికి ప్రోగ్రామ్ ఎక్కించాలి, ఫోన్ నుంచి నేరుగా ప్రింట్ అవదు.

లక్ష్మీపురం_గృహిణి
మాస్టారూ, పిల్లలున్న ఇంట్లో నలుపు ఒక్కటే సరిపోదండీ. మాది సీసాతో ఇంకు పోసుకునే ఎప్సన్ ఇంక్ ట్యాంక్, దాని 003 నలుపు సీసా ఒకటి 4,500 పేజీలొస్తుందని కంపెనీ లెక్క. అంత కాకపోయినా, ఒకసారి పోస్తే పిల్లల విద్యాసంవత్సరం దాదాపు గడిచిపోతుంది. నేను చేసేవి రెండే పనులు. ప్రతి ఆదివారం ఏదో ఒక కలర్ పేజీ తీస్తాను, చివరికి వ్రతకథ అయినా సరే. రెండోది, గోడ స్విచ్ కట్టేసి ప్రింటర్ ఆపనివ్వను. ముందు ప్రింటర్ మీద ఉన్న బటనే నొక్కాలి, అప్పుడే ఇంకు చిమ్మే హెడ్ పక్కకి వెళ్లి మూత కింద కూర్చుంటుంది. కరెంటు బిల్లు భయంతో మా అత్తయ్యగారు రాత్రి స్విచ్‌లన్నీ కట్టేసుకుంటూ వచ్చేవారు, దీనికి మాత్రం బోర్డు మీద కాగితం అంటించాల్సి వచ్చింది.

గవర్నర్‌పేట_రిపేరు
నాకు సర్వీసు షాపుంది, అమ్మకం లేదు కాబట్టి నా మాటలో బేరం ఏమీ లేదు. ఇద్దరూ నిజమే చెప్పారు, కానీ ప్రింటర్ ఎన్నాళ్లు మూలన పడి ఉంటుందో చూసుకోకుండా కొంటున్నారు జనం. వారానికోసారి కూడా వాడని ఇంటికి ట్యాంక్ దండగ. నా దగ్గరికి వచ్చే ట్యాంకుల్లో ఎక్కువ భాగం వాడి పాడైనవి కాదు, వాడక పాడైనవి.

ట్యాంకే కావాలనుకుంటే రెండు విషయాలు అడగండి. మొదటిది హెడ్. ఎప్సన్‌లో పీజో హెడ్, వేడి చేయకుండా ఒత్తిడితో ఇంకు చిమ్ముతుంది, మన్నిక ఎక్కువే, కానీ మెషీన్‌లో బిగించి ఉంటుంది, ఒకసారి గట్టిగా మూసుకుపోతే మార్చే ఖర్చుకి ఇంకో ప్రింటర్ వైపు మనసు పోతుంది. కెనాన్ జీ సిరీస్, హెచ్‌పీ స్మార్ట్ ట్యాంక్‌లలో ఇంకుని వేడిచేసి బుడగతో తోసే హెడ్, అది త్వరగా అరుగుతుంది గానీ ఇంట్లో మనమే తీసి కొత్తది పెట్టుకోవచ్చు. రెండోది వేస్ట్ ఇంక్. హెడ్ క్లీనింగ్ కొట్టిన ప్రతిసారీ ఇంకు లోపల ఒక స్పాంజి ప్యాడ్‌లోకి పోతుంది. అది నిండిందని లెక్క తేలగానే ప్రింటర్ మొండికేస్తుంది, ప్రింట్ ఎంత బాగా వస్తున్నా సరే. ఆ ప్యాడ్‌ని డబ్బాలా బయటికి లాగి మార్చుకునే మోడళ్లు ఇప్పుడున్నాయి, అలాంటిదే తీసుకోండి. గీత కనిపించిందని ఊరికే క్లీనింగ్ మీద క్లీనింగ్ కొట్టకండి, ఇంకూ పోతుంది, ప్యాడూ నిండుతుంది.

లేజర్‌లో అయితే కాగితం మీదికి పొడిని చేర్చే డ్రమ్, టోనర్ కలిసి ఉన్నాయా విడివిడిగా ఉన్నాయా చూడండి. 12ఏ లాంటివి కలిసే వస్తాయి, రీఫిల్ చేస్తూ పోతే డ్రమ్ అరిగి పేజీ అంచున నల్ల చార వస్తుంది, అప్పుడు డ్రమ్ మార్చాలి. బ్రదర్ హెచ్‌ఎల్-ఎల్2321డీలో రెండూ వేరు, టోనర్ 2,600 పేజీలు, డ్రమ్ 12,000 అని కంపెనీ చెబుతుంది, రెండు వైపులా తనే తిప్పి తీస్తుంది, కానీ యూఎస్‌బీ వైరు తప్ప వైఫై లేదు. ఇంకోటి, ఇప్పుడొచ్చే చాలా కాట్రిడ్జ్‌లకి చిప్ ఉంటుంది. డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఒరిజినల్ చిప్ ఉన్నవాటితోనే పనిచేస్తుందని రాసి ఉంటే రీఫిల్ మీద ఆశ పెట్టుకోకండి.

సింగ్‌నగర్_2024
ఏది కొన్నా నేల మీదా, మంచం కిందా పెట్టకండి బాబూ. బుడమేరు వరదకి మాది మునిగింది, కొత్తదని ఆరబెట్టి ఆన్ చేస్తే బోర్డు కాలిపోయింది.

భవానీపురం_బ్రో
అసలు ఇంట్లో ప్రింటర్ ఎందుకు బ్రో? సందు చివర షాపులో పేజీ రెండు మూడు రూపాయలు. 15 వేలకి ఎన్ని పేజీలొస్తాయో లెక్కేసుకో.

బ్రాడీపేట_లెక్కలమాస్టారు
లెక్క బాగానే ఉంది నాయనా. మరి నువ్వు ఆధార్, బ్యాంకు స్టేట్‌మెంట్ షాపువాడి వాట్సాప్‌కి పంపిస్తావు కదా, అవి వాడి కంప్యూటర్‌లో ఎన్నాళ్లుంటాయో ఆ లెక్కలో వేశావా?

భవానీపురం_బ్రో
అది కరెక్టే సార్ 😅

పటమట_నాన్న
అందరికీ థ్యాంక్స్. మా ఇంట్లో కలర్ పరీక్షల సీజన్‌లో అస్సలు ఉండదు, రెండు మూడు నెలలు మూలన పడుంటుంది. కాబట్టి నలుపు లేజర్‌కే మొగ్గుతున్నా, వైఫై, డబుల్ సైడ్ ఉన్నది. స్కానర్ కూడా కావాలంటే బడ్జెట్ దాటుతోంది, దానికి ఫోన్ చాలు. పాప కలర్ బొమ్మలకి షాపే దిక్కు. ఒక్క డౌటు, ఇన్వర్టర్ మీద పెట్టొచ్చా?

గవర్నర్‌పేట_రిపేరు
వద్దు. ఫ్యూజర్ కాగితం మీద పొడిని కరిగించి అంటించాలంటే 200 డిగ్రీల దాకా వేడెక్కాలి, ఆ క్షణంలో ఒక్కసారిగా కరెంటు లాగుతుంది. ఇంట్లో లైటు మినుకుమంటే అదే. చిన్న యూపీఎస్ అయితే కూతపెట్టి ఆగిపోతుంది. మామూలు ప్లగ్‌కే పెట్టండి, ఎక్స్‌టెన్షన్ బాక్సు కూడా వద్దు. ఇంకోటి, డబ్బాతో వచ్చే టోనర్ చాలా మోడళ్లలో నిండుగా ఉండదు, త్వరగా అయిపోతే ప్రింటర్‌ని తిట్టకండి.

లక్ష్మీపురం_గృహిణి
వానాకాలంలో కాగితాల కట్ట విప్పి ట్రేలో వదిలేయకండి అన్నయ్యగారూ, చెమ్మ పట్టి రెండేసి లాగుతుంది. కవరులోనే ఉంచి కావలసినన్ని పెట్టుకోండి. పైన ఒక గుడ్డ కప్పండి, మా ఎదురింటివాళ్ల ప్రింటర్‌లో బల్లి దూరింది.

పటమట_నాన్న
బల్లా! అది వారంటీలో వస్తుందా?

గవర్నర్‌పేట_రిపేరు
రాదండీ. బల్లి, బొద్దింక, ఎలుక కొరికిన వైరు, ఏదీ రాదు.