సమస్య: "వాన మండె నెండ వరద లయ్యె"

నిర్వాహకుడు: ఛందస్సు ఆటవెలది. ఇది నాలుగో పాదం, మిగతా మూడూ మీవి. ఈసారి ఒక షరతు: సంగతి కాకినాడ ఎదురుగా ఉన్న హోప్ ఐలాండ్ మీద, మే నెలాఖరులో జరగాలి. గోదావరి మోసుకొచ్చిన ఇసుకతో ఏర్పడ్డ దిబ్బ అది. అలల దెబ్బ తాను కాసుకుని కాకినాడ రేవును కాపాడుతోంది. రోహిణి కార్తెలో అక్కడి ఆకాశాన్ని నమ్మడానికి లేదు. పొద్దున పడమటి గాలికి ఒళ్ళు కాలిపోతుంది, మూడింటికి మబ్బు కమ్ముతుంది, అయిదింటికి మళ్ళీ ఎండ.

తీరవాసి:

రోలు పగులు నట్టి రోహిణి కార్తెలో
దీవి మీద కొంత తెరపి యిచ్చి
గాలి తిరిగి మాపు ఫెళ్ళున కురిసెను
వాన, మండె నెండ, వరద లయ్యె

ఛందోభిమాని: విరుపు బాగుంది. 'వాన'ను పై పాదానికి ముడిపెట్టి సమస్యను మూడు ముక్కలు చేశారు. కానీ మూడో పాదంలో యతి తప్పింది: పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం (లయ ముక్క) మొదటి అక్షరం జోడీ కావాలి, 'గా'కి 'ఫె' కుదరదు. 'గర్జించి కురిసెను' అనండి, గణాలూ చెడవు. ఇంకో పేచీ: ఇసుక దిబ్బ మీద పడ్డ నీరు పడ్డట్టే ఇంకిపోతుంది కదా, వరద ఎక్కడిది? గోదారికి వరద రావాలంటే జూలై, ఆగస్టు రావాలి.

తీరవాసి: 'ఫెళ్ళున' వదులుకోవాలంటే మనసొప్పడం లేదు గానీ, సరే, యతి యతే. వరద మాత్రం గోదారిది కాదండీ. పోటు వేళకి గాలివాన తోడైతే సముద్రమే పల్లపు చోట్లకి ఎక్కి వస్తుంది.

గౌతమి:

కాలు పెట్ట లేని కాగిన యిసుకపై
చినుకు పడిన యంత చిమ్మె నావి
మాయ నీరు పొంగె మడయడవి దరికి
వాన మండె నెండ వరద లయ్యె

ఛందోభిమాని: విరవకుండానే నిలబెట్టారు, శభాష్. కాలే ఇసుక మీద చినుకే ఆవిరై మండింది, ఎండమావే వరదైంది. ఒక్క సందేహం. ఎండమావికి నేలను ఆనుకుని వేడి గాలి పొర ఉండాలి. వాన పడ్డాక అది చెదిరిపోదా?

గౌతమి: పది చినుకులకే? పైగా దిబ్బ పొడవు దాదాపు 16 కిలోమీటర్లు. ఉత్తరపు కొసన చినుకులు పడుతుంటే దక్షిణపు కొసన ఎండ మాడ్చేస్తూ ఉండొచ్చు.

యానాం అబ్బాయి:

వేట లేని పూట విసుగుతో నొక్కడు
కడలి యొడ్డు చేరి కమ్మగాను
తాటి కల్లు ద్రావి తడబడి పలికెను
వాన మండె నెండ వరద లయ్యె

ఛందోభిమాని: యతిగణాలు నిక్షేపంలా ఉన్నాయి. కానీ ఏ చిక్కు సమస్య ఇచ్చినా కల్లో కలో అడ్డం పెట్టి తప్పించుకోవడం అవధానాల నాటి నుంచీ ఉన్న దొడ్డిదారి! 'వేట లేని పూట' అనేది మంచి ఎత్తుగడ. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లకు సముద్రంలో చేపల వేట నిషేధం, అవన్నీ ఒడ్డునే. ఆ మనిషి ఆకాశం వంక చూస్తూ కూర్చున్నాడంటే చాలు, కల్లు అక్కర్లేదు.

యానాం అబ్బాయి: రోహిణి ఎండలో ఆకాశం వంక చూసినవాడికి కల్లు అక్కర్లేదా అండీ?

నిర్వాహకుడు: నా ఓటు గౌతమి గారి పూరణకే. తీరవాసి గారూ, సవరించిన పద్యం మళ్ళీ పెట్టండి. వచ్చే వారానికి, ఇదీ ఆటవెలదే, ఈసారి ప్రాసయతి (యతికి బదులు ఆ రెండు చోట్లా రెండో అక్షరాలు కలవాలి): "గొడుగు లేక సూర్యు డడిగె నీడ". కల్లు నిషేధం.