బజ్జీల నూనెతో పంపు స్టవ్ వెలిగించొచ్చా?

దేవరకొండ తమ్ముడు:
మాది దేవరకొండ దగ్గర పల్లె. సాయంత్రం పూట అమ్మా నేనూ మిర్చి బజ్జీల బండి పెడతాం. నూనె నల్లబడి నురగ కట్టిందంటే అమ్మ దాన్ని పక్కన పెట్టేస్తుంది, మళ్లీ అందులో వేయించి జనానికి పెట్టడం ఆమెకు మనసొప్పదు. అట్లా వారానికి మూడు లీటర్ల దాకా మిగులుతుంది, ఇంట్లో డబ్బాలు పేరుకుపోయాయి. మొన్న అటక దులుపుతుంటే తాత కాలం నాటి ఇత్తడి పంపు స్టవ్ దొరికింది, పంపు కొడితే గాలి పడుతోంది. గ్యాస్ నూనె, అదే కిరోసిన్, మా దగ్గర ఇప్పుడు దొరకట్లేదు. ఈ బజ్జీల నూనె వడగట్టి అందులో పోస్తే మండుతుందా? చిక్కగా ఉంది కాబట్టి కొంచెం డీజిల్ కలిపితే పలచబడుతుందేమో అని కూడా అనుకుంటున్నా. నాకు ముఖ్యంగా నీళ్లు కాగబెట్టడానికి కావాలి. నాయనమ్మకు 80 దాటాయి, చలికాలం పొద్దున్నే చన్నీళ్లు తగిలితే ఆయాసం వస్తుంది, రోజుకు రెండు బకెట్ల వేడినీళ్లు ఉండాలి. స్టవ్ పెట్టేది స్నానాల గదికి ఆనుకొని ఉన్న రేకుల గదిలో, చిన్న కిటికీ ఒకటుంది. నీళ్లకే గ్యాస్ బండ సగం అయిపోతుంటే టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు చెప్పండి.

పాలమూరు స్టవ్ మేస్త్రి:
తమ్ముడూ, పోయకు. మహబూబ్‌నగర్‌లో ఇరవై ఏళ్లు ఈ స్టవ్‌లే బాగుచేశాను కాబట్టి చెప్తున్నా. పంపు స్టవ్‌లో నూనె నూనెగా మండదు, ఆవిరై మండుతుంది. కింద గిన్నెలో స్పిరిట్ పోసి వెలిగిస్తాం కదా, అది బర్నర్‌ను బాగా వేడెక్కించడానికి. అప్పుడు పంపు కొడితే ట్యాంకులో గాలి ఒత్తిడికి గ్యాస్ నూనె గొట్టంలో పైకెక్కి, ఆ వేడి బర్నర్‌లో ఆవిరై, సూదిమొనంత నిప్పిల్ రంధ్రంలోంచి బుస్సున వచ్చి, గాలితో కలిసి నీలంగా మండుతుంది. 1892లో స్వీడన్‌లో లింద్‌క్విస్ట్ అనే ఆయన చేసిన ప్రైమస్ స్టవ్ పద్ధతి ఇదే, మన ఇళ్లలోకి వచ్చిన ఇత్తడి పంపు స్టవ్‌లు చాలావరకు ఆ పద్ధతివే.

బజ్జీల నూనె ఆ వేడికి ఆవిరి కాదు, బర్నర్ గొట్టంలోనే మాడి బొగ్గు కడుతుంది. నిప్పిల్ మూసుకుపోతుంది. నువ్వు పిన్ను పెట్టి పొడుస్తావు, మంట రాలేదని ఇంకో పది పంపులు కొడతావు, అక్కడే ప్రమాదం. లోపల ఒత్తిడి పెరుగుతుంది, పాత అతుకు ఎక్కడో వదులుతుంది, వేడి నూనె పిచికారీ కొట్టినట్టు చిమ్మి అంటుకుంటుంది. డీజిల్ కలిపినా మసి, బొగ్గు తప్పవు. వత్తుల స్టవ్ ఉన్నా ఇదే మాట, గ్యాస్ నూనె పలచన కాబట్టి వత్తిలో పైకి పాకుతుంది, ఈ నూనె పాకలేక వత్తే కాలిపోతుంది.

మిర్యాలగూడ అక్క:
తమ్ముడూ, మా ఇంట్లో జరిగింది చెప్తాను, చదువు. నేను హైస్కూల్లో ఉన్నప్పుడు మా చిన్నమ్మ ఒక కొట్లో సీసాకు విడిగా కిరోసిన్ కొనుక్కొచ్చింది. అందులో పెట్రోల్ కలిసిందని మాకు తర్వాత తెలిసింది. వత్తుల స్టవ్‌లో పోసి అగ్గిపుల్ల గీయగానే మంట ట్యాంకు మూత దాకా లేచింది. చీర కొంగు అంటుకుంది. పక్కింటాయన దుప్పటి కప్పి ఆర్పాడు కాబట్టి బతికింది, కానీ కుడిచెయ్యి ఇప్పటికీ పూర్తిగా చాపలేదు. నువ్వు డీజిల్ కలుపుతానని రాసింది చూడగానే నా గుండె ఝల్లుమంది. ఈ రోజు డీజిల్ కలిపినవాళ్లు రేపు అది లేకపోతే బండిలోంచి పెట్రోల్ తీస్తారు. గ్యాస్ నూనె దాదాపు 38 డిగ్రీలు దాటితే గానీ అంటుకునేంత ఆవిరి ఇవ్వదు, పెట్రోల్ సున్నాకు 40 డిగ్రీలు తక్కువ చలిలో కూడా ఇస్తుంది. మన ఎండాకాలం ఎట్లా ఉంటుందో నీకు నేను చెప్పాలా.

ఇంకోటి, ఎప్పుడైనా ఒళ్లు కాలితే పంపు కింద చల్లటి నీళ్లు ఇరవై నిమిషాలు పోయాలి, పేస్టు, సిరా లాంటివి రాయొద్దు, 108కి ఫోన్ చెయ్యాలి. మా చిన్నమ్మ చేతికి ఎవరో పేస్టు పూశారు, ఆస్పత్రిలో దాన్ని తీసేటప్పుడు ఆమె పడ్డ బాధ నేను మర్చిపోలేను.

దేవరకొండ తమ్ముడు:
అక్కా, చదువుతుంటే భయమేసింది. స్టవ్‌లో పోయను. కానీ వీడియోల్లో ఇనుప గొట్టంలోకి పాత ఇంజన్ ఆయిల్ చుక్కచుక్కగా పడుతుంటే చిన్న ఫ్యాన్‌తో గాలి కొట్టి పెద్ద మంట తెప్పిస్తున్నారు. దాంట్లో నిప్పిలూ లేదు, పంపూ లేదు. అది ఆరుబయట పెట్టుకుంటే ఎట్లా ఉంటుంది?

నల్లగొండ ఐటీఐ సార్:
వీడియోలోది మండుతుంది, అబద్ధం కాదు. ఎర్రగా కాలిన ఇనుము మీద నూనె చుక్క పడి ఆవిరవుతుంది, ఫ్యాన్ గాలి దాన్ని పూర్తిగా కాల్చుతుంది. చలిదేశాల్లో ఇళ్లను వెచ్చబెట్టే ఆయిల్ స్టవ్‌లు కూడా నూనెను ఆవిరి చేసి, గాలి కలిపి కాల్చేవే. కానీ వాటికి పొగగొట్టం ఉంటుంది, కాలిన గాలి మొత్తం ఇంటి బయటికి పోతుంది. నీ రేకుల గదికి ఉన్నది ఒక చిన్న కిటికీ. గాలి చాలక మంట సరిగా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది, దానికి వాసన ఉండదు, రంగు ఉండదు, తలనొప్పి, మగత వచ్చేసరికే ఆలస్యం అయిపోవచ్చు. ముసలామె స్నానం చేసే గది పక్కన అలాంటి మంట వద్దే వద్దు.

ఆరుబయట పెట్టినా ఇంజన్ ఆయిల్ మాత్రం కాల్చకు. అందులో అరిగిన లోహాల పొడి, జింకు ఉంటాయి, వాటిలో కొన్ని పొగతో పోతాయి, కొన్ని గిన్నె మీద కూర్చుంటాయి. 2016 కేంద్ర నిబంధనల్లో దాన్ని ప్రమాదకర వ్యర్థంగా చేర్చింది ఊరికే కాదు. బజ్జీల నూనె అంత విషం కాదు, కానీ అందులో పచ్చిమిరప తడి మిగిలి ఉంటుంది. ఆ నీటి చుక్క కాలిన ఇనుము మీద పడితే ఒక్కసారిగా ఆవిరై, మండే నూనెను మొహం మీదికి చిమ్ముతుంది. ఫ్యాన్ తిరుగుతుండగా కరెంటు పోతే మంట ఆగి దట్టమైన తెల్లపొగ కమ్ముకుంటుంది, అది కూడా అంటుకునేదే. వంటనూనెతో నడిచే స్టవ్ చేయలేరని కాదు. జర్మనీలో హోహెన్‌హైమ్ యూనివర్సిటీ, బీఎస్‌హెచ్ కంపెనీ కలిసి ప్రోటోస్ అనే స్టవ్ చేసి ఫిలిప్పీన్స్‌లో కొబ్బరినూనెతో నడిపి చూశాయి. ఆ బర్నర్‌ను మొదటి నుంచీ ఆ నూనె కోసమే తయారుచేశారు, అది కూడా ఎంతో కష్టపడి. మీ తాత స్టవ్‌కు ఆ బర్నర్ లేదు.

ఇక నీళ్ల సంగతి, నీకు కావాల్సింది అదే కదా. ఒక బకెట్ అంటే 15 లీటర్ల నీళ్లు 20 డిగ్రీల నుంచి 50కి రావాలంటే దాదాపు 1.9 మెగాజౌల్స్ వేడి కావాలి. కరెంటు లెక్కలో అది అర యూనిట్ పైచిలుకు. రోజుకు రెండు బకెట్లంటే నెలకు 32 యూనిట్లు. తెలంగాణ ప్రభుత్వ గృహజ్యోతి పథకంలో ఉన్న ఇళ్లకు నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు రాదు, దాటితే మొత్తానికి కట్టాలి. కాబట్టి మీ బిల్లు తీసి చూడు, నెలకు 150 లోపు వాడుతుంటే హీటర్ రాడ్డే నీకు చవక, నాయనమ్మకు క్షేమం. కానీ ఐఎస్ఐ గుర్తు ఉన్నది, ఎర్త్ ఉన్న ప్లగ్గుకే పెట్టు, ప్లగ్గు తీశాకే నీళ్లలో చెయ్యి పెట్టాలి. ఈ పని నాయనమ్మ చేతికి ఇవ్వకు, నువ్వు కాచి పెట్టు.

మిగిలిన నూనె అమ్మెయ్. 2018లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, అంటే ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ, రూకో అనే కార్యక్రమం మొదలుపెట్టింది, వాడేసిన వంటనూనెను సేకరించి బయోడీజిల్ చేయడానికి. మీ అమ్మ చేసేది చాలా మంచి పని, అదే ఏడాది జూలై నుంచి పోలార్ కాంపౌండ్లు, అంటే నూనె పదేపదే కాగితే అందులో పుట్టే పదార్థాలు, 25 శాతం దాటిన నూనెలో వేయించకూడదని నిబంధన కూడా ఉంది. నూనె సేకరించేవాళ్ల గురించి నల్లగొండలో ఫుడ్ సేఫ్టీ ఆఫీసులో అడుగు.

దేవరకొండ తమ్ముడు:
సార్, బిల్లు చూశాను. మొన్న నెల 118 యూనిట్లు. ఆదివారం రాడ్డు తెస్తాను. నూనె డబ్బాలు గట్టిగా మూతలు పెట్టి నీడలో ఉంచాను, సోమవారం నల్లగొండ వెళ్తాను. మేస్త్రీ కాకా, స్టవ్ మాత్రం అమ్మబుద్ధి కావట్లేదు, తాత చెయ్యి పడ్డది. దాన్ని ఏం చెయ్యాలి?

పాలమూరు స్టవ్ మేస్త్రి:
అమ్మకు బిడ్డా. గాలి స్క్రూ విప్పి లోపలి ఒత్తిడి మొత్తం తీసెయ్, అడుగున మిగిలిన పాత నూనె ఆరుబయట ఒంపి, ట్యాంకును సబ్బునీళ్లతో రెండు మూడుసార్లు కడిగి ఎండబెట్టు. ఇత్తడిని చింతపండుతో తోము, తళతళలాడుతుంది. పంపు కడ్డీ బయటికి లాగి తోలు వాషర్‌కు రెండు చుక్కల కొబ్బరినూనె రాయి, పగలకుండా ఉంటుంది. నిప్పిల్ విప్పి విడిగా కాగితంలో చుట్టి దాచు, అప్పుడు పిల్లలెవరూ తెలియక వెలిగించలేరు.