సూర్యలంక దగ్గర గెస్ట్‌హౌస్ ఉంది, వెబ్‌సైట్ నిజంగా అవసరమా?

బీచ్‌రోడ్_బాబాయ్:
అందరికీ నమస్కారం. మాది బాపట్ల, సూర్యలంక రోడ్డులో చిన్న గెస్ట్‌హౌస్, ఆరు రూములు, ముందు చెప్తే మా ఆవిడ చేపల పులుసు, రొయ్యల ఇగురు చేసి పెడతది. శని ఆదివారాలు హైదరాబాద్, గుంటూరు, విజయవాడ కార్లే కార్లు, కార్తీక మాసంలో సముద్ర స్నానాలకొచ్చే జనం సంగతి చెప్పక్కర్లేదు, సోమవారం నుంచి గురువారం దాకా మాత్రం ఈగలు తోలుకోవడమే. బుకింగ్స్ సగం ఫోన్లో వస్తాయి, సగం యాప్‌లో, యాప్ వాళ్ళేమో 1500 రూముకి 300 కోసుకుంటున్నారు. మా అబ్బాయి వెబ్‌సైట్ పెట్టిద్దాం అని ఒకటే గొడవ, ఒకాయన్ని అడిగితే పాతికవేలు అన్నాడు. గూగుల్ మ్యాప్స్‌లో ఉన్నాం, ఇన్‌స్టా ఉంది, వాట్సాప్ ఉంది, మళ్ళీ ఇదెందుకండీ? డబ్బులొచ్చేదేనా లేక గోడకి తగిలించుకునే ఫోటో లాంటిదా?

కూకట్‌పల్లి_కోడలు:
బాబాయ్ గారూ, నేను వ్యాపారం వైపు కాదు, వచ్చే వాళ్ళ వైపు నుంచి చెప్తా. మేం పిల్లల్ని, అత్తమామల్ని వేసుకుని ఏటా బీచ్‌కి వెళ్తాం, ప్లాన్ చేసేది రాత్రి పిల్లలు పడుకున్నాక, ఆ టైంలో మీకు ఫోన్ చేస్తే ఎవరెత్తుతారు? మాకు కావాల్సింది సముద్రం ఫోటో కాదండీ, సముద్రం ఎట్లుంటదో తెలుసు. కింద ఫ్లోర్‌లో రూమ్ ఉందా (అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు), వెస్ట్రన్ టాయిలెట్ ఉందా, స్నానానికి ఉప్పునీళ్ళా మంచినీళ్ళా, కరెంట్ పోతే జనరేటర్ ఉందా, డ్రైవర్ ఎక్కడ పడుకోవాలి, బాపట్ల స్టేషన్‌లో దిగితే బీచ్ తొమ్మిది కిలోమీటర్లంట కదా ఆటో దొరుకుద్దా. ఇన్‌స్టాలో చూస్తే అన్నీ డ్రోన్ వీడియోలు, వెనకాల పాట. బాత్రూమ్ ఫోటో పెట్టిన మగాడు ఒక్కడూ లేడు 😄

ఇంకోటి, అడ్వాన్స్ ఫోన్‌పే చేయమంటే భయం. హోటల్ పేరుతో ఎవడో వేరే నంబర్ పెట్టి డబ్బులు లాగేస్తున్న రోజులు ఇవి. మీ సొంత సైట్‌లో అదే నంబర్, బోర్డు కనపడేలా బిల్డింగ్ ఫోటో ఉంటే కొంచెం ధైర్యంగా పంపిస్తాం.

భీమిలి_భోజనం:
నేను రివర్స్‌లో చెప్తా అన్నా. భీమిలిలో మాది చిన్న సీఫుడ్ హోటల్, వెబ్‌సైట్ చేయించాం, ఎవడూ చూడడు. ఆకలేసినోడు మ్యాప్స్ తీస్తాడు, రేటింగ్ చూస్తాడు, బండి ఆపుతాడు, అంతే. పైగా సైట్‌లో పాత రేట్లు ఉండిపోయి కౌంటర్ దగ్గర రోజూ తగాదా, ఎవరు మారుస్తారు అవన్నీ. ముందు మ్యాప్స్‌లో ఫోటోలు, టైమింగ్స్, రివ్యూలకి రిప్లైలు సరిచెయ్, అది ఫ్రీ.

ఒంగోలు_కోడర్:
పైన తమ్ముడు చెప్పింది తిండి హోటల్‌కి వంద శాతం కరెక్టే, రోడ్డు మీద పోయేవాడు లోపలికొస్తాడు. రూములు అలా కాదు, ఊరు బయల్దేరక ముందే డబ్బు కట్టాల్సిన బేరం కాబట్టి జనం నాలుగు చోట్ల చూసుకుని గానీ కట్టరు. యాప్‌లో మీ పేరు చూసినోళ్ళు చాలామంది అదే పేరు గూగుల్‌లో కొడతారు, అక్కడ మీ సైట్ లేకపోతే మళ్ళీ యాప్ లింకే పైన వస్తది, మీ కస్టమర్‌ని మీకే 300కి అమ్ముతారు. లెక్కేసుకోండి, 84 రాత్రులు నేరుగా బుక్ అయితే పాతికవేలు వెనక్కొచ్చేసినట్టే, ఆరు రూములకి అది పెద్ద విషయం కాదు. అసలు మీకు పాతికవేల సైట్ కూడా అక్కర్లేదు, నాలుగు పేజీలు చాలు.

మ్యాప్స్, ఇన్‌స్టా మీవి కావు, అద్దె కూడా కట్టని అద్దె కొంప. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌తో (మ్యాప్స్‌లో మన వ్యాపారం పేజీ) ఫ్రీగా ఇచ్చిన సైట్లు గుర్తున్నాయా, 2024 మార్చిలో మొత్తం ఆపేశారు, అదొక్కటే నమ్ముకున్నోళ్ళ లింకులన్నీ పోయాయి. అందుకే డొమైన్, అంటే సైట్ అడ్రస్, మీ పేరు మీద, మీ మెయిల్‌తో, మీ కార్డుతో కొనండి, చేసేవాడి పేరు మీద మాత్రం వద్దు, రేపు వాడు ఫోన్ ఎత్తకపోతే మీ పేరు మీకే రాదు. ఫోటోలు చిన్న సైజు చేసి పెట్టించండి, బీచ్ దగ్గర సిగ్నల్ సంగతి మీకు తెలిసిందే. ఆన్‌లైన్ పేమెంట్ మొదట్లో వద్దు, వాట్సాప్ బటన్ చాలు.

చీరాల_చిన్నోడు:
అన్నా ఒక పాయింట్ మిస్సయ్యారు అందరూ, తుఫాన్లు. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ మన బాపట్ల దగ్గరే తీరం దాటింది కదా, అలాంటప్పుడు బుక్ చేసుకున్నోళ్ళందరూ ఒకేసారి ఫోన్లు, రావాలా వద్దా, డబ్బులు వెనక్కిస్తారా అని. మామూలు రోజుల్లో కూడా అలలు ఎక్కువుంటే పోలీసులు నీళ్ళలోకి దిగనివ్వరు. సైట్‌లో పైన ఒక లైను, ఈ రోజు బీచ్‌లోకి పంపుతున్నారా లేదా, క్యాన్సిల్ అయితే డేట్ మార్చుకోవచ్చా, ఇంతే. మీ అబ్బాయి ఫోన్‌లోంచే మార్చగలిగేలా చేయించండి.

సోమ టు గురు ఖాళీ అన్నారుగా, దానికి ఒక పేజీ రాయండి, పొద్దున సూర్యలంక, తర్వాత భావనారాయణ స్వామి గుడి, మధ్యాహ్నం మా చీరాలొచ్చి చేనేత చీరలు, సాయంత్రం ఓడరేవు బీచ్. రిటైరైనోళ్ళు, చీరల కోసమే వచ్చే ఆడవాళ్ళు వీకెండ్ రద్దీలో రారు, వాళ్ళు వెతికేది బాపట్లలో రెండు రోజులు ఏం చూడాలి అని, మీ హోటల్ పేరు కాదు.

బీచ్‌రోడ్_బాబాయ్:
చాలా థాంక్స్ అండీ అందరికీ, బాత్రూమ్ ఫోటో సంగతి చదివి మా ఆవిడ ఒకటే నవ్వు, నేనెప్పటి నుంచో చెప్తన్నా అంటది. ఒక్క డౌటు, రేట్లు సైట్‌లో పెట్టాలా? పక్కనోళ్ళు చూసి వంద తగ్గిస్తారు.

ఒంగోలు_కోడర్:
పెట్టండి బాబాయ్, వాళ్ళకి మీ రేటు యాప్‌లో ఎలాగూ కనపడుతుంది. వీకెండ్ రేటు, వీక్‌డే రేటు వేరుగా రాసి, నేరుగా బుక్ చేసుకుంటే పొద్దున టిఫిన్ ఫ్రీ అని కింద పెట్టండి, ఇడ్లీకి మీకయ్యేది 300 కాదుగా.

కూకట్‌పల్లి_కోడలు:
చేపల పులుసు ప్లేటు ఎంతో కూడా రాయండి 🙏